కస్టమర్‌కో కాపీ అయిపోయింది. ఫ్రేమ్‌వర్క్‌ను ప్యాకేజీలుగా విడగొట్టడం ఎలా?

హన్మకొండ_కోడర్
మాది చిన్న టీమ్. పీహెచ్‌పీలో రాసిన లారావెల్ మీద మేమే ఒక ఫ్రేమ్‌వర్క్ (అన్ని అప్లికేషన్లకూ పునాదిగా ఉండే కోడ్) కట్టుకున్నాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో అడ్తిదారులకు, చుట్టుపక్కల రైస్ మిల్లులకు, కొన్ని ప్రైవేట్ స్కూళ్లకు దాని మీదే అప్లికేషన్లు నడుస్తున్నాయి. కొత్త కస్టమర్ వచ్చినప్పుడల్లా పాత కాపీ తీసుకుని, వాళ్లు అడిగినవి మార్చి ఇస్తూ పోయాం. ఇప్పుడు ఏ కాపీలో ఏముందో మాకే తెలియడం లేదు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు ఒక్కో కాపీ తెరిచి, ఒక్కో దాంట్లో ఒక్కో చోట ఉన్న బిల్లింగ్ కోడ్ వెతికి మార్చాం. పండగ పూట టీమ్ మొత్తం అదే పని.

కాంటా, తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ), కమీషన్, జీఎస్టీ బిల్లు, ఫీజులు, హాజరు, ఎస్సెమ్మెస్... వీటిలో ప్రతిదీ ఒక ప్యాకేజీ, అంటే విడిగా పెట్టుకోగల ముక్క, కావాలని నా ఆలోచన. అడ్మిన్ స్క్రీన్‌లో లిస్టు కనిపించాలి. 'ఇన్‌స్టాల్' నొక్కితే దానికి కావాల్సిన మిగతా ప్యాకేజీలు కూడా వచ్చి కూర్చోవాలి. దీనికోసం సొంత ప్యాకేజీ మేనేజర్ రాద్దామనుకుంటున్నా. ఇలాంటిది చేసినవాళ్లు ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కాజీపేట_జంక్షన్
పీహెచ్‌పీకి కంపోజర్ అనే ప్యాకేజీ మేనేజర్ ఉండగా సొంతంగా ఎందుకు అన్నా? 2012 నుంచి ఉంది. మీ లారావెల్ కూడా దాని మీదే నడుస్తోంది.

హన్మకొండ_కోడర్
కంపోజర్ కమాండ్ లైన్ పని. యార్డు గుమాస్తా దాన్ని నడపలేడు కదా. అందుకే స్క్రీన్ కావాలంటున్నా.

జగిత్యాల_జావా
ఇక్కడ మూడు పనులు కలిసిపోయాయి, ముందు విడదీద్దాం. ఏ ప్యాకేజీలో ఏ వెర్షన్ తీసుకోవాలో తేల్చడం ఒకటి. ఆ ఫైళ్లు తెచ్చి పెట్టడం ఇంకొకటి. వచ్చిన మాడ్యూల్‌ను నడుస్తున్న అప్లికేషన్‌కు తగిలించడం, అంటే రూట్లు, మెనూ, పర్మిషన్లు, టేబుళ్లు, మూడోది. మొదటి రెండూ లోకం ఎప్పుడో చేసి పెట్టింది. మూడోది మాత్రం మీ ఫ్రేమ్‌వర్క్ తెలిసినవాళ్లే చేయగలరు. మీ బుర్రంతా దాని మీద పెట్టండి.

వెర్షన్లు తేల్చే రిసాల్వర్ సొంతంగా రాయొద్దని ఎందుకంటున్నానంటే, చూడటానికి అది రెండు లూపుల పనిలా ఉంటుంది. ఏ అడ్డూ లేకుండా వెర్షన్ షరతులు పెట్టుకోనిస్తే అది ఎన్‌పీ-కంప్లీట్ సమస్య, అంటే ప్యాకేజీలు పెరిగేకొద్దీ వెతకాల్సిన కలయికలు విపరీతంగా పెరిగిపోయే రకం. కంపోజర్ వాళ్లు ఓపెన్‌సూసే లినక్స్‌లోని లిబ్‌జిప్ (libzypp) సాల్వర్ పద్ధతిని పీహెచ్‌పీలోకి తెచ్చుకున్నారు. డార్ట్ భాష వాళ్లు పబ్‌గ్రబ్ అని వేరే పద్ధతి చేశారు. కుదరనప్పుడు ఎందుకు కుదరలేదో మనిషికి అర్థమయ్యేలా చెబుతుందని రూబీ భాష ప్యాకేజీ మేనేజర్ బండ్లర్ కూడా తర్వాత దానికే మారింది. గో భాష మాత్రం షరతులనే తగ్గించేసింది. అందరూ అడిగిన కనీస వెర్షన్లలో పెద్దది తీసుకుంటుంది, అంతే. ఇంతమంది ఇన్నేళ్లు కూర్చున్న పని అది. మనం మళ్లీ మొదలుపెట్టాల్సిన అవసరం లేదు.

మిర్చియార్డ్
ప్యాకేజీల సంగతి తర్వాత. జీఎస్టీ రేటు కోడ్‌లో ఎందుకుంది తమ్ముడూ? అది డేటా. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు ఏ వర్గమో చెప్పేది), రేటు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు. నాలుగు కాలమ్‌ల టేబుల్. సెప్టెంబర్ 21 బిల్లుకు ఇవాళ రిటర్న్ వేసినా పాత రేటే పడాలి. వెర్షన్ 2.1లో ఒక రేటు, 2.2లో ఒక రేటు పెడితే పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీసినప్పుడు తప్పు లెక్క వస్తుంది. ఎంత బాగా ప్యాకేజీలు చేసినా ఇది తప్పదు.

హన్మకొండ_కోడర్
నిజమే అన్నా. కొన్ని కాపీల్లో టేబుల్ ఉంది, కొన్నింట్లో నేరుగా కోడ్‌లో ఉంది. అన్నీ టేబుల్‌లోకి తెస్తాం.

ఓరుగల్లు_పైథాన్
నేను మొత్తానికే ఒప్పుకోను. చిన్న టీమ్‌కు ప్యాకేజీలు ఎందుకు? ఒకే రిపో (కోడ్ మొత్తం ఉంచే చోటు), లోపల మాడ్యూల్‌కో ఫోల్డర్. ఏ కస్టమర్‌కు ఏవి ఆన్ అన్నది ఒక కాన్ఫిగ్. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ఇన్‌స్టాల్డ్ యాప్స్ లిస్టు చేసేది అదే. లిస్టులో పేరుంటే యాప్ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ప్యాకేజీ చేసిన రోజు నుంచి ప్రతిదానికీ ఒక వెర్షన్ నంబర్, ఒక చేంజ్‌లాగ్, ఒక రిలీజ్. ఎస్సెమ్మెస్‌లో ఒక లైన్ మార్చి, దాన్ని వాడే ఫీజులు, హాజరు, తక్‌పట్టీ అన్నింట్లో వెర్షన్ పెంచుకుంటూ పోవాలి. సగం రోజు దానికే పోతుంది.

ఫోల్డర్ల మధ్య గోడలు కావాలంటే దానికి టూల్స్ ఉన్నాయి. షాపిఫై వాళ్లు తమ పెద్ద రైల్స్ అప్లికేషన్‌ను ముక్కలు చేయకుండానే లోపల గీతలు గీయడానికి ప్యాక్‌వర్క్ రాసుకున్నారు. పీహెచ్‌పీలో డెప్‌ట్రాక్ ఉంది. కమీషన్ ఫోల్డర్ ఫీజుల ఫోల్డర్‌లోని క్లాస్‌ను పట్టుకుంటే బిల్డ్ ఫెయిల్ చేస్తుంది.

జగిత్యాల_జావా
కస్టమర్లంతా ఒకే వెర్షన్ మీద ఉంటే మీ మాట వంద శాతం కరెక్ట్. వీళ్ల సంగతి అలా లేదు. పత్తి సీజన్‌లో, మిర్చి సీజన్‌లో అడ్తిదారు అప్‌డేట్ ముట్టుకోనివ్వడు. స్కూళ్లేమో జూన్‌లోపు అన్నీ కొత్తవి కావాలంటాయి. అంటే ఒకరు పాత వెర్షన్ మీద, ఒకరు కొత్త దాని మీద ఉండక తప్పదు.

మిర్చియార్డ్
సీజన్‌లో బిల్లింగ్ ఆగిందంటే బస్తాల బదులు మనల్నే కాంటా ఎక్కిస్తారు 😀

ఓరుగల్లు_పైథాన్
సరే, కస్టమర్లు వేర్వేరు వెర్షన్లలో ఉండొచ్చు. అప్పుడు కూడా మొత్తం రిపోకు ఒకే వెర్షన్ చాలు కదా? 3.4 అంటే అన్ని మాడ్యూళ్లూ 3.4. విడివిడి నంబర్లు ఎందుకు?

జగిత్యాల_జావా
ఇది మంచి మాట. సింఫనీ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ చేసేది ఇదే. పని జరిగేదంతా ఒకే రిపోలో. దాన్నుంచి ఒక్కో కాంపోనెంట్‌ను చదవడానికి మాత్రమే ఉండే ఒక్కో రిపోలోకి ఆటోమేటిక్‌గా కోసి పెడతారు. లారావెల్ లోపలి ఇల్యూమినేట్ ప్యాకేజీలూ అంతే. రాసేవాళ్లకు ఒకే చోటు, వాడేవాళ్లకు కావాల్సిన ముక్కలు. కంపోజర్‌లో 'పాత్' రిపోజిటరీ పెడితే పక్క ఫోల్డర్‌నే ప్యాకేజీలా సిమ్‌లింక్ (అసలు ఫోల్డర్‌ను చూపే షార్ట్‌కట్) చేసి చూపిస్తుంది. డెవలప్‌మెంట్‌లో రిలీజ్ చేసే పనే ఉండదు. హన్మకొండ తమ్ముడికి నా సలహా కూడా ఇదే: ఒకే రిపో, లోపల ప్యాకేజీలు, అన్నింటికీ ఒకే నంబర్.

నిట్_క్యాంపస్
ఒక డౌట్. జావాస్క్రిప్ట్ ప్యాకేజీ మేనేజర్ ఎన్‌పీఎమ్‌లో ఒకే ప్యాకేజీవి రెండు వెర్షన్లు పక్కపక్కనే ఉంటాయి కదా, ఎవరిది వాళ్లు వాడుకుంటారు. కంపోజర్ మాత్రం ఒక్కటే ఉండాలని పట్టుబడుతుంది. ఎందుకలా?

సిరిసిల్ల_పోగు
సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో రిక్వైర్ అని ఒక ప్యాకేజీని పిలిచినప్పుడు ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి పైకి వెతుక్కుంటూ పోతుంది. అందుకని ఎవరి 'నోడ్ మాడ్యూల్స్' ఫోల్డర్ వాళ్లకు ఉండొచ్చు. పీహెచ్‌పీలో క్లాస్ పేరు ప్రాసెస్ మొత్తానికి ఒక్కటే, అదే పేరుతో రెండోది లోడ్ చేస్తే ఫేటల్ ఎర్రర్. పైథాన్‌లోనూ ఒక పేరుకు ఒక్క మాడ్యూలే. అందుకే వీళ్ల రిసాల్వర్లు అందరికీ కుదిరే ఒక్క వెర్షన్ వెతకాలి.

నోడ్ పద్ధతి సుఖంగా కనిపిస్తుంది కానీ బ్రౌజర్ దగ్గరికి వచ్చేసరికి తల నొప్పే. ఒక పేజీలో రియాక్ట్ (స్క్రీన్లు కట్టే లైబ్రరీ) కాపీలు రెండు ఎక్కితే దానిలోని హుక్స్ అనే సదుపాయం పని చేయదు. పీర్ డిపెండెన్సీ అనేది అందుకే. "రియాక్ట్ నేను తీసుకురాను, హోస్ట్ దగ్గర ఉన్నదే వాడతా" అని చెప్పడం. ఎన్‌పీఎమ్ 3 నుంచి 6 వరకు అది లేకపోతే వార్నింగ్ మాత్రమే ఇచ్చేది. 2020లో వచ్చిన 7 నుంచి తనే ఇన్‌స్టాల్ చేస్తోంది.

హన్మకొండ అన్నా, మీ మాడ్యూళ్లు ఒక్కొక్కటి తన జేక్వెరీ, తన డేట్ పికర్ వెంట తెచ్చుకోకుండా మొదటి రోజే రూల్ పెట్టండి. అందరూ వాడే జావాస్క్రిప్ట్ కోర్‌లో ఒక్కచోటే ఉండాలి. మాడ్యూల్ తన స్క్రీన్ల స్క్రిప్ట్ మాత్రమే ఇవ్వాలి. మా దగ్గర ఒక ప్రాజెక్టులో పేజీకి మూడు డేట్ పికర్లు లోడయ్యేవి, తేదీలో నెల ముందొచ్చేదో రోజు ముందొచ్చేదో స్క్రీన్‌ను బట్టి మారేది.

కాజీపేట_జంక్షన్
తేదీ తారుమారైతే స్కూల్ వాళ్లకు లేట్ ఫీజు పడినట్టే అక్కా 😀

జమ్మికుంట_మిల్లు
నేను మిల్లుల దగ్గర సాఫ్ట్‌వేర్ పెట్టే పని చూస్తా. మీరంతా ఇన్‌స్టాల్ బటన్ గురించి మాట్లాడుతున్నారు. మిల్లులో నెట్ ఉంటుందన్న గ్యారంటీ లేదు. మధ్యలో కరెంటు పోతే సగం ఫైళ్లు కొత్తవి, సగం పాతవి. అదీగాక వెబ్ పేజీ నుంచి కంపోజర్ నడవాలంటే వెబ్ సర్వర్‌కు కోడ్ ఫోల్డర్‌లో రాసే హక్కు ఇవ్వాలి. ఎవడైనా ఆ స్క్రీన్‌లోకి దూరాడంటే కోడ్ మొత్తం వాడి చేతిలో.

నేను చేసేది చెబుతా. కంపోజర్ ఆఫీసులోనే నడుస్తుంది. తెచ్చిన ప్యాకేజీలుండే వెండర్ ఫోల్డర్‌తో సహా మొత్తం ఒక జిప్. మిల్లు మెషీన్‌లో కొత్త ఫోల్డర్‌లో విప్పి, చెక్‌సమ్ (ఫైల్ చెడలేదని చూపే అంకె) సరిచూసి, చివర్న సిమ్‌లింక్ మాత్రం మారుస్తా. ఏదైనా తేడా కొడితే సిమ్‌లింక్ వెనక్కి. ఆఫీసులో కూడా నెట్ లేకుండా బిల్డ్ కావాలంటే కంపోజర్‌లో 'ఆర్టిఫ్యాక్ట్' రిపోజిటరీ ఉంది. ఒక ఫోల్డర్‌లో జిప్‌లు పడేస్తే చాలు, ప్యాకేజీలు అందులోంచే తీసుకుంటుంది.

హన్మకొండ_కోడర్
అయితే అడ్మిన్ స్క్రీన్ ఎందుకిక?

జమ్మికుంట_మిల్లు
ఆన్, ఆఫ్ కోసం. ఏ కోడ్ మెషీన్‌లో ఉండాలో ఆఫీసు తేలుస్తుంది. ఉన్నదాంట్లో ఏది నడవాలో కస్టమర్ తేల్చుకుంటాడు. గుమాస్తాకు కనిపించే 'ఇన్‌స్టాల్' అంటే ఇదే. వాళ్లకు తేడా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

జగిత్యాల_జావా
ఈ థ్రెడ్‌లో అసలు విషయం మిల్లు అన్న చెప్పేశాడు. కోడ్ రావడం బిల్డ్ సమయంలో, మాడ్యూల్ ఆన్ కావడం రన్ సమయంలో. ఈ రెండింటినీ ఒకే బటన్‌లో కలపకపోతే మీ డిజైన్‌లో సగం చిక్కులు మాయమవుతాయి.

ఇక మూడో పని, తగిలించడం. ప్రతి మాడ్యూల్‌కు ఒక మానిఫెస్ట్ ఫైల్. అందులో పేరు, కోర్‌లో ఏ వెర్షన్ కావాలి, ఏ మాడ్యూళ్లు కావాలి, ఏ పర్మిషన్లు, ఏ మెనూలు, ఏ సెట్టింగులు, ఏ ఈవెంట్లు పంపుతుంది, ఏవి వింటుంది. మాడ్యూల్ కోడ్ నడపకుండానే ఇదంతా చదవగలగాలి. లిస్టు చూపించడానికి కూడా మాడ్యూల్‌ను లోడ్ చేయాల్సి వస్తే, ఒక మాడ్యూల్ చెడిపోయిందంటే దాన్ని ఆఫ్ చేసే స్క్రీన్ కూడా తెరుచుకోదు. లారావెల్ 5.5లో 2017లో ప్యాకేజీ ఆటో డిస్కవరీ తెచ్చినప్పుడు ఇలాగే చేశారు. ప్యాకేజీని తగిలించే ప్రొవైడర్ క్లాసుల పేర్లు కంపోజర్ జేసన్‌లో 'ఎక్స్‌ట్రా' కింద ఉంటాయి. ఫ్రేమ్‌వర్క్ వాటిని ఒకసారి చదివి క్యాష్ ఫైల్ రాసుకుంటుంది, ప్రతి రిక్వెస్ట్‌కూ వెతకదు.

ఏ మాడ్యూల్ ముందు లోడ్ కావాలన్నది మీ మానిఫెస్ట్‌ను చూసి మీరే తేల్చండి. డిస్కవరీ వరుస మీ డిపెండెన్సీల వరుసే అనుకోవద్దు. లారావెల్‌లో రిజిస్టర్, బూట్ అని రెండు దశలు ఎందుకున్నాయో గుర్తుంచుకోండి. అందరి రిజిస్టర్ అయ్యాకే బూట్ మొదలవుతుంది. రిజిస్టర్‌లో పక్క మాడ్యూల్‌ను పిలిచారంటే అది ఇంకా రాకపోయి ఉండొచ్చు.

హన్మకొండ_కోడర్
ఇక్కడే మాకు ముడి పడింది. ఫీజు కట్టగానే ఎస్సెమ్మెస్ పోవాలి, కాబట్టి ఫీజులకు ఎస్సెమ్మెస్ కావాలి. ఎస్సెమ్మెస్‌లోని డీఎల్‌టీ టెంప్లేట్ (టెలికాం దగ్గర ముందే రిజిస్టర్ చేసిన మెసేజ్ నమూనా) నింపడానికి ఫీజు వివరాలు కావాలి. రెండూ ఒకదాన్నొకటి అడుగుతున్నాయి. పైగా కొన్ని స్కూళ్లు ఎస్సెమ్మెస్ అసలు తీసుకోవు.

ఓరుగల్లు_పైథాన్
ఓడూ అనే బిజినెస్ సాఫ్ట్‌వేర్ చూడండి. అందులో ప్రతి మాడ్యూల్ మానిఫెస్ట్‌లో 'డిపెండ్స్' లిస్టు ఉంటుంది, దాంతోపాటు 'ఆటో ఇన్‌స్టాల్' అని ఒక జెండా. మూడో మాడ్యూల్ చిన్నది ఒకటి రాస్తారు, ఫీజులు, ఎస్సెమ్మెస్ రెండూ దాని డిపెండ్స్‌లో ఉంటాయి. ఆ రెండూ ఉన్నచోట అది తనంతట తానే వచ్చి కూర్చుంటుంది, ఒక్కటి లేకపోయినా రాదు. ఫీజులకు ఎస్సెమ్మెస్ సంగతి తెలియదు, "ఫీజు కట్టారు" అని ఈవెంట్ పంపి ఊరుకుంటుంది. ఎస్సెమ్మెస్‌కు ఫీజు సంగతి తెలియదు, నంబర్, టెంప్లేట్, విలువలు ఇస్తే పంపుతుంది. ఏ ఈవెంట్‌కు ఏ టెంప్లేట్ అన్నది మధ్యలో ఉన్నదానికే తెలుసు.

హన్మకొండ_కోడర్
ఇది మస్తు నచ్చింది. తక్‌పట్టీ, ఎస్సెమ్మెస్ మధ్య కూడా ఇలాగే పెట్టొచ్చు. రైతుకు ఎన్ని బస్తాలు, తరుగు ఎంత, ధర ఎంత అని మెసేజ్ పోతుంది.

ఓరుగల్లు_పైథాన్
పోతుంది. కానీ ఆ ఈవెంట్‌లో ఏ ఫీల్డులు ఉంటాయో రాసిపెట్టండి. ఒకసారి బయటికి పంపాక అది ఒప్పందం. తరుగు కిలోల్లో పంపుతూ పంపుతూ ఒక రోజు క్వింటాళ్లలో పంపారంటే కోడ్ ఎక్కడా విరగదు, రైతు ఫోన్‌లో తప్పు అంకె పడుతుంది. అది ఎర్రర్ కన్నా ప్రమాదం. రైతు ఆ అంకెను నమ్మి ఇంటికి పోతాడు.

ఇప్పుడు డేటాబేస్. ప్యాకేజీలు అన్నవాళ్లంతా ఇక్కడే మునుగుతారు. లారావెల్ మైగ్రేషన్లు, అంటే టేబుళ్లు కట్టే, మార్చే ఫైళ్లు, తమ పేరులోని తేదీ వరుసలో నడుస్తాయి, ఏ ప్యాకేజీవైనా సరే. కమీషన్ టేబుల్ కాంటా టేబుల్‌కు ఫారిన్ కీ (ఆ టేబుల్ మీద ఆధారపడే లింకు) పెట్టుకుని, కమీషన్ మైగ్రేషన్ తేదీ ముందుదైతే కొత్త కస్టమర్ దగ్గర మొదటి రన్‌లోనే ఆగిపోతుంది. పాత కస్టమర్ల దగ్గర టేబుళ్లు ఎప్పుడో ఉన్నాయి కాబట్టి ఎవరికీ కనిపించదు. జాంగో 1.7 నుంచి ప్రతి మైగ్రేషన్‌లోనూ 'ఇది ఫలానా యాప్‌లోని ఫలానా మైగ్రేషన్ తర్వాతే' అని రాస్తారు, తేదీలతో పని లేదు. మీరు మాడ్యూళ్ల వరుస ఎలాగూ కడుతున్నారు కాబట్టి, ఆ వరుసలోనే మాడ్యూల్ తర్వాత మాడ్యూల్ మైగ్రేషన్లు నడపండి.

ఇంకోటి, మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ మార్చే కమాండ్ ఇవ్వగానే కమిట్ అయిపోతుంది, ట్రాన్సాక్షన్‌లో పెట్టినా వెనక్కి రాదు. పోస్ట్‌గ్రెస్‌లో వస్తుంది. జమ్మికుంట అన్న చెప్పిన సిమ్‌లింక్ కోడ్‌ను వెనక్కి తెస్తుంది, టేబుళ్లను తేదు.

జమ్మికుంట_మిల్లు
అవును, అందుకే సిమ్‌లింక్ మార్చే ముందు డేటాబేస్ డంప్ తీస్తా. కాలమ్ తీసేయాల్సి వస్తే అదే రిలీజ్‌లో తీయం. ఈ రిలీజ్‌లో వాడటం మానేస్తాం, తర్వాతి దాంట్లో తీసేస్తాం. వెనక్కి పోయినా పాత కోడ్ నడుస్తుంది.

నిట్_క్యాంపస్
అన్‌ఇన్‌స్టాల్ చేస్తే టేబుళ్లు పోవాలా, ఉండాలా?

మిర్చియార్డ్
ఉండాలి! ఒక అడ్తిదారు కమీషన్ మాడ్యూల్ వద్దని ఆఫ్ చేయించాడు, ఆడిట్‌కు మళ్లీ పాత ఏడాది లెక్కలు అడిగాడు. వేరే సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆఫ్‌తోపాటు టేబుళ్లూ ఊడ్చేశారు. ఎంత టెన్షన్ పడ్డాడో నేను దగ్గరుండి చూశా.

ఓరుగల్లు_పైథాన్
వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ డీయాక్టివేట్ వేరు, డిలీట్ వేరు. డేటా తుడిచే కోడ్ డిలీట్‌లోనే నడుస్తుంది. మీరు ఇంకో మెట్టు పెట్టండి: ఆఫ్ చేయడం, కోడ్ తీయడం, డేటా తుడవడం. ఆ చివరిది గుమాస్తా స్క్రీన్‌లో అసలు ఉండకూడదు.

రామగుండం_500
సెక్యూరిటీ గురించి ఎవరూ ఎత్తలేదు. మీ ప్రైవేట్ ప్యాకేజీల పేర్లు జాగ్రత్త. 2021 ఫిబ్రవరిలో సెక్యూరిటీ పరిశోధకుడు అలెక్స్ బిర్సాన్ బయటపెట్టింది ఇదే. కంపెనీలు లోపల వాడే ప్యాకేజీ పేర్లతోనే పబ్లిక్ రిజిస్ట్రీలో పెద్ద వెర్షన్ నంబర్ పెట్టి ఎక్కిస్తే, యాపిల్, మైక్రోసాఫ్ట్ లాంటి చోట్ల కూడా బిల్డులు బయటి దాన్నే తెచ్చుకున్నాయి. కంపోజర్ 2లో ఒక ప్యాకేజీ మొదటి రిపోజిటరీలో దొరికితే తర్వాతి వాటిలో వెతకదు. కాబట్టి మీ రిపోజిటరీని ముందు రాయండి. కంపోజర్ పబ్లిక్ రిజిస్ట్రీ ప్యాకేజిస్ట్‌లో మీ వెండర్ పేరు మీద ఒక ప్యాకేజీ పెట్టి ఆ పేరు కాపాడుకుంటే ఇంకా మంచిది.

ప్రొడక్షన్ బిల్డ్‌లో అప్‌డేట్ కమాండ్ నడపొద్దు, ఇన్‌స్టాల్ మాత్రమే. అప్‌డేట్ కొత్త వెర్షన్లు వెతుకుతుంది, ఇన్‌స్టాల్ లాక్ ఫైల్‌లో రాసి ఉన్నవే తెస్తుంది. ఆ లాక్ ఫైల్ గిట్‌లో ఉండాలి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే ప్రపంచమంతా బిల్డులు ఆగాయి. లాక్ ఫైల్ ఏ వెర్షన్ కావాలో చెబుతుంది, ఆ ఫైల్ అక్కడ ఉంటుందని హామీ ఇవ్వదు. మిల్లు అన్న జిప్‌లు దాచుకునే పద్ధతి అందుకు మందు. కంపోజర్ 2.4 నుంచి తెలిసిన సెక్యూరిటీ లోపాలు చూసే ఆడిట్ కమాండ్ ఉంది, బిల్డ్‌లో పెట్టండి. ప్లగిన్లు నడవాలంటే 2.2 నుంచి విడిగా అనుమతి ఇవ్వాలి. అన్నింటికీ ఎస్ అని కొట్టకుండా ఒక్కోటి చూసి ఇవ్వండి.

కాజీపేట_జంక్షన్
లాక్ ఫైల్ కస్టమర్‌కొకటా, అందరికీ ఒకటా?

రామగుండం_500
ప్యాకేజీలకు లాక్ అక్కర్లేదు, చివర్న నడిచే అప్లికేషన్‌కు కావాలి. కస్టమర్‌కో చిన్న రిపో: అందులో కంపోజర్ జేసన్, లాక్, వాళ్ల లోగో, సెట్టింగులు. కోడ్ ఏమీ ఉండకూడదు. ఉందంటే మళ్లీ కాపీల కథ మొదలైనట్టే.

హన్మకొండ_కోడర్
ఒక మిల్లుకు మాత్రమే కావాల్సిన వింత లెక్క ఉంటే? ఉదాహరణకు ఒకాయన హమాలీ కూలి బస్తా సైజును బట్టి వేస్తాడు. ఇంకెవరూ అలా వేయరు.

జగిత్యాల_జావా
కోర్‌లో 'హమాలీ లెక్క' అని ఒక ఇంటర్‌ఫేస్, మామూలు లెక్క దాని డిఫాల్ట్. ఆయనకు చిన్న ప్యాకేజీ ఒకటి రాసి, లారావెల్ కంటెయినర్‌లో (ఏ ఇంటర్‌ఫేస్‌కు ఏ క్లాస్ అని చెప్పే చోటు) దాన్ని తగిలించండి. తక్‌పట్టీ లోపల "ఫలానా మిల్లు అయితే" అని ఇఫ్ మాత్రం పెట్టొద్దు. ఇంటర్‌ఫేస్ మారిస్తే మేజర్ నంబర్ (వెర్షన్‌లో మొదటి అంకె) పెరగాలి. ^3.2 అని రాస్తే 3.2 నుంచి 4.0 లోపు ఏదైనా వస్తుంది కాబట్టి, ఆ మధ్యలో ఏదీ విరగ్గొట్టకూడదు. తీసేయాలనుకున్నదాన్ని ముందు 3.xలో డిప్రికేటెడ్ అని ప్రకటించి, 4.0లో తీయండి. సింఫనీ ఏళ్ల తరబడి ఈ మాట నిలబెట్టుకుంది, అందుకే డ్రూపల్ 8 లాంటి పెద్ద ప్రాజెక్టు దాని కాంపోనెంట్ల మీద ధైర్యంగా నిలబడింది.

సిరిసిల్ల_పోగు
మొదట ఏ మాడ్యూల్ విడదీస్తున్నారు అన్నా?

హన్మకొండ_కోడర్
కాంటా అనుకున్నా, అన్నింటికీ అదే మూలం కదా.

ఓరుగల్లు_పైథాన్
వద్దు. ఎస్సెమ్మెస్ విడదీయండి ముందు. దానికి వేరే మాడ్యూల్ ఏదీ అక్కర్లేదు, టేబుళ్లు రెండో మూడో ఉంటాయి, యార్డు, మిల్లు, స్కూలు ముగ్గురూ వాడతారు. మానిఫెస్ట్, మైగ్రేషన్ వరుస, ఆన్ ఆఫ్ అన్నీ దాని మీద పరీక్షించుకోవచ్చు, తప్పు జరిగినా లెక్కలు చెడవు. కాంటాను మిర్చి సీజన్ దాటాక ముట్టుకోండి.

హన్మకొండ_కోడర్
సరే. ఎస్సెమ్మెస్, దాని పక్కన ఫీజులతో కలిపే చిన్న మాడ్యూల్. స్కూల్ డెమో ఒకటి కట్టి మానిఫెస్ట్ ఇక్కడ పెడతా, చూసి చెప్పండి.

రామగుండం_500
లాక్ ఫైల్ కూడా పెట్టు. ఎస్సెమ్మెస్ గేట్‌వే కీ మానిఫెస్ట్‌లో రాయకు, ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లోనే ఉంచు.